ఒకే కాన్పు

గ్రాంటు విదోర్‌కి వచ్చిందన్న కబురు మొదట బొరోకాకి తెలిసింది. మెట్లెక్కి రొప్పుతూ వచ్చి తనే చెప్పింది.

ఆ సమయానికి అతను ఆల్చిప్ప కోస్తున్నాడు. రంపపు బిళ్ళ కాయితమంత పల్చన. చెయ్యి కాస్త వణికినా చిప్ప పెళుక్కున విరుగుతుంది. సరిగ్గా తెగితే మాత్రం అంచు పొడవునా సన్నటి గీతలు కనిపిస్తాయి, ఏడాదికి ఒకటి చొప్పున. నదికి ఏ ఏడు మంచిదో, ఏ ఏడు చెడ్డదో ఆ గీతలు చూసి చెప్పొచ్చు. ఊపిరి బిగబట్టి కోస్తున్నవాడల్లా రంపం ఠక్కున ఆగిపోయేసరికి తలెత్తాడు. స్విచ్చి మీద బొరోకా వేలు ఉంది.

"ఆ చిప్ప ఎక్కడికీ పోదులే. నీకు వచ్చింది," అంది.

"ఏం వచ్చింది?"

"జలుబు. గ్రాంటయ్యా మహానుభావా, గ్రాంటు. ఇబోయా మేడమ్ ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను."

విదోర్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఆగస్టుతో అతని కాంట్రాక్టు అయిపోతుంది. ఆ తరవాత ఏమిటన్నది రెండు నెలలుగా ఎవరూ అడగలేదు, అతనూ ఎవరికీ చెప్పలేదు. ఎగువన చేపల చెరువుల కంపెనీలో నీళ్ళు పరీక్షించే ఉద్యోగం ఉందని విని అక్కడికి వెళ్ళి చూసొచ్చాడు కూడా. ఇప్పుడిక మూడేళ్ళ జీతం, రంపం, మైక్రోస్కోపు, నది. లేచి నిలబడ్డాడు గాని ఏం చెయ్యాలో తెలియలేదు. బొరోకాయే అతన్ని దగ్గరికి లాక్కుని వీపు చరిచింది. ఆమె పొద్దున్నించీ బంకమట్టి కడుగుతోంది. చొక్కా మీద అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి.

"నువ్వు చదివిపెట్టకపోతే వచ్చేది కాదు," అన్నాడు. ఊరికే అన్న మాట కాదు. అతని మొదటి ప్రతిని ఆమె ఎర్ర సిరాతో సగానికి సగం కొట్టేసింది. రెండోదాన్ని పిల్లలిద్దరికీ జ్వరంగా ఉంటే ఒకణ్ణి భుజాన వేసుకుని ఊపుతూ చదివింది. 'నీకు ఏం కావాలో రాశావు. నదికి ఏం జరుగుతోందో రాయి,' అన్నది ఆమే.

"మరి నీది?"

"నాది రాలేదు. ప్రాణిశాస్త్రాలన్నిటికీ కలిపి ఒకటే కదా ఇచ్చేది." వాన పడుతోంది అన్నంత మామూలుగా అంది. "పద, ఎతెల్కా గారి దగ్గరికెళ్ళి నా మార్కులు కనుక్కుందాం. ఎక్కడ తగ్గానో తెలిస్తే వచ్చేసారికి దిద్దుకోవచ్చు."

గ్రాంట్ల ఆఫీసు కింది అంతస్తులో. ఎతెల్కా గారు కిటికీ వెనక కూర్చుని ఉంది. అరవైకి దగ్గరపడిన మనిషి, నెరిసిన జుట్టు వెనక్కి బిగించి కట్టుకుంటుంది. యూనివర్సిటీలో ఆమె అంటే భయపడని లెక్చరర్ లేడు. చుక్క పెట్టాల్సినచోట గీత పెట్టినా వెనక్కి పంపిస్తుంది.

"అభినందనలు," అంది విదోర్‌తో. అతని చొక్కా మీది మట్టి చూసింది. బొరోకా వైపు తిరిగింది. "మీకు మార్కుల్లేవు. మీది చదవడానికి పంపలేదు."

"పంపలేదా?"

"డాక్టరేటు వచ్చి ఆరేళ్ళు దాటకూడదు. మీకు ఏడేళ్ళ నాలుగు నెలలు. కాన్పుకి ఒక ఏడాది మినహాయింపు. అది తీసేసినా నాలుగు నెలలు ఎక్కువే."

"నాకు కవలలండి," అంది బొరోకా. "ఇద్దరికి రెండేళ్ళు."

"పిల్లకి ఒక ఏడాది అని లేదు. కాన్పుకి ఒక ఏడాది. మీది ఒకే కాన్పు."

బొరోకా నవ్వింది. నిజంగానే నవ్వొచ్చి నవ్వింది. "అంటే ఆ రోజు ఒకళ్ళని కని, ఇంకొకళ్ళని మర్నాటికి దాచుకోవాల్సింది."

ఎతెల్కా గారు నవ్వలేదు. "నిబంధన నేను చదివి వినిపిస్తానంతే," అంది. వెనకాల నిలబడ్డ మనిషి కాయితాలకోసం చెయ్యి చాచింది.

మెట్లెక్కుతున్నంతసేపూ బొరోకా ఆ మాటే తిప్పి తిప్పి అంటూ నవ్వుతూనే ఉంది. లాబ్‌లోకి వెళ్ళాక సింకు దగ్గర నిలబడి, మట్టి వేసిన జల్లెడని కుళాయి కింద పట్టుకుంది. మట్టి కరిగి పోయింది. జల్లెడలో పాలరంగు పిల్లపురుగులు రెండు మిగిలాయి. వాటిని చిన్న చెంచాతో తీసి గాజు గిన్నెలో వేసింది. జల్లెడ ఖాళీ అయింది. ఆమె దాన్ని అలాగే పట్టుకుని ఉంది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. విదోర్ బల్ల దగ్గరనుంచి చూస్తున్నాడు.

ఆమె పరిశోధన తీసాపువ్వు మీద. పేరుకే పువ్వు, నిజానికి పొడుగు తోకల పురుగు. మూడేళ్ళు నదిగట్టు బంకమట్టిలో గొట్టంలాంటి బొరియ చేసుకుని బతికి, ఒక్క సాయంత్రం రెక్కలొచ్చి నీటిమీద ఎగిరి చచ్చిపోతుంది. వంపు దగ్గరి గట్టుకి ఈ శరదృతువులో రాళ్ళు పేర్చబోతున్నారు. రాళ్ళు పడకముందు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, పడ్డాక మూడేళ్ళు వెంటపడి చూడాలన్నది ఆమె పథకం. వచ్చేసారి అన్నది ఉత్త మాట. వచ్చేసారికి గట్టూ ఉండదు, ఆమె అర్హతా ఉండదు. 'వచ్చేసారికి దిద్దుకోవచ్చు' అన్నప్పుడు ఆ సంగతి ఆమెకి తెలియకపోలేదు.

సాయంత్రం డిపార్ట్‌మెంటులో విదోర్ కోసం సోడా కలిపిన తెల్ల వైను పోశారు. ఇబోయా మేడమ్ ఇంట్లో చేసిన పొగాచాలు తెచ్చింది. జున్ను చల్లి కాల్చిన ఆ ఉప్పు రొట్టెముక్కలు బొరోకాకి ప్రాణం. ఆ వేళ రెండు తీసుకుని రుమాల్లో చుట్టుకుని, పిల్లల్ని క్రెష్ నుంచి తీసుకెళ్ళాలంటూ అందరికన్నా ముందు వెళ్ళిపోయింది.

*

"నీకేం పని నాయనా?" అంది ఇబోయా మేడమ్ మర్నాడు. డిపార్ట్‌మెంటుకి ఆవిడే హెడ్డు. కిటికీ దగ్గర కుండీలో పెంచుతున్న మిరపమొక్కకి నీళ్ళు పోస్తోంది. "అభ్యంతరం ఉంటే తను పెట్టుకుంటుంది."

"తను పెట్టదు మేడమ్. నేనడిగాను."

"ఏమంది?"

"పిల్లల్ని లెక్కపెట్టి చూపించడానికి ఎవరి ముందూ నిలబడనంది."

ఇబోయా మేడమ్ నీళ్ళ చెంబు కింద పెట్టింది. "అభ్యంతరం పోటీలో ఉన్న ఎవరైనా పెట్టొచ్చు. నువ్వూ పెట్టొచ్చు. కాని పెడితే ఏమవుతుందో చెప్తా విను. కమిటీ ఒప్పుకుంటే తనది చదువుతారు. నీ పక్కన పెట్టి చూస్తారు. నేను తనదీ చదివాను, నీదీ చదివాను."

"నేనూ చదివాను."

"మరి?"

రాత్రంతా విదోర్ ఆలోచించింది కూడా అదే. ఎంత మంచివాణ్ణనిపించుకోవాలన్నా, ఆగస్టు తరవాత చేపల చెరువు గట్టున నిలబడి సీసాల్లో నీళ్ళు పట్టుకుంటున్నట్టే కనిపించింది. ఆ సీసాల మూతలు బిగిస్తూ బిగిస్తూనే తెల్లారింది. సంతోషంలో ఏదో మెరిక పడింది. ఎంత నమిలినా పంటికింద అదే తగులుతోంది.

"ఆమె చేత్తో దిద్దిన కాయితంతో ఆమె మీద గెలిచాను మేడమ్," అన్నాడు చివరికి. "ఆమెది చదివి, నాదే బాగుందంటే నాకంతకన్నా కావలసిందేముంది."

"అది జరగదని నీకు తెలుసు."

"తెలుసు."

ఇబోయా మేడమ్ చెంబు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "గురువారం కమిటీ కూర్చుంటుంది. ఈ మధ్యాహ్నంలోగా ఇచ్చెయ్యాలి. నేనయితే అన్నం తిని వెళ్తాను. ఖాళీ కడుపుతో చేసిన పుణ్యం ఒంటికి పట్టదు."

అతను తినకుండానే వెళ్ళాడు.

ఎతెల్కా గారు అతనిచ్చిన కాయితాన్ని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చదివింది. "మీకు అనుకూలంగా వచ్చిన దానిమీద మీరే అభ్యంతరం పెడుతున్నారు."

"అవునండి."

"ఇన్నేళ్ళలో ఇలాంటిది చూడలేదు." ముద్ర వేయడానికి తీసిన స్టాంపు చేతిలోనే పట్టుకుంది. "ఒకటి అడుగుతాను. ఇందులో 'కాన్పు అన్న మాట తప్పు, దాన్ని తీసెయ్యాలి' అని రాశారు. ఆ ముక్క కొట్టేయండి. మీ కొలీగ్‌కి అన్యాయం జరిగిందని రాసుకోండి, చాలు."

"ఆ మాటవల్లే కదండి జరిగింది."

"ఆ మాటని ఏమీ అనకండి," అంది ఎతెల్కా గారు. గొంతు పెంచలేదు. కాని ఆమె చెవి తమ్మెలు ఎర్రబడ్డాయి. విదోర్‌కి ఏమీ అర్థం కాలేదు. ఇంత మొండి మనిషి ఉంటుందా అనుకున్నాడు. కొట్టెయ్యనన్నాడు. ఆమె కాయితం మీద ముద్ర వేసి, తేదీ రాసి, సిరా ఆరేదాకా అరచేత్తో మెల్లగా విసిరింది.

*

బుధవారం ఇద్దరూ నది మీదికి వెళ్ళారు. ముందే అనుకున్న పని. నీళ్ళు తగ్గి గట్టు నిలువునా బయటపడింది. పడవ వంపులోకి వెళ్ళేసరికి బంకమట్టి గోడ పొడవునా ఆ పురుగుల బొరియల జంట రంధ్రాలు కనిపించాయి, సూదితో పొడిచినట్టు. బొరోకా పొడుగు బూట్లు వేసుకుని పడవలోంచే గట్టుకి ఆనుకుంది. ఇనప గొట్టాన్ని మట్టిలోకి దింపి, అరచేతి మడమతో కొట్టి, తిప్పి, లాగింది. బయటికొచ్చిన మట్టి ముద్దని బకెట్లోకి తోసి, పైన చీటీ వేసింది. విదోర్ తెడ్డుతో పడవని నిలబెడుతున్నాడు. ఆ పని చూస్తుంటే హాయిగా ఉంటుంది అతనికి. ఒక్క కదలిక కూడా వృథాగా పోదు.

"నిన్న నేను అభ్యంతరం పెట్టాను," అన్నాడు.

గొట్టం మట్టిలో సగందాకా దిగి ఉంది. ఆమె దాన్ని వదిలేసి తిరిగింది. "దేనిమీద?"

"నీ మీద. అంటే, నీది చదవనందుకు."

"నేను వద్దన్నానుగా."

"అన్నావు."

"మరి?"

"నా గెలుపు మీద నేను పెట్టుకున్నాను. దానికి నీ పర్మిషన్ అక్కర్లేదు."

బొరోకా మొహం మీద పడ్డ జుట్టుని మోచేత్తో వెనక్కి తోసుకుంది. "ఎవరడిగారు నిన్ను? పుణ్యం కట్టుకోవాలనుంటే చర్చి మెట్ల దగ్గర కూర్చునేవాళ్ళున్నారు, వాళ్ళకెయ్యి. రేపు నాకు వస్తే ఏమంటారు? విదోర్ దానం చేశాడంటారు. రాకపోతే? పాపం, రెండుసార్లు ఓడిపోయిందంటారు. ఎటు తిరిగినా నీకే దండలు."

"దండలేం లేవు. నాకు చేపల చెరువు ఉంది."

"ఏ చేపల చెరువు?"

చెప్పాడు. కాంట్రాక్టు సంగతి, చూసొచ్చిన ఉద్యోగం సంగతి. ఒకే లాబ్‌లో అయిదేళ్ళుగా పక్కపక్కన కూర్చుంటున్నా ఇది చెప్పడం ఇప్పుడే. ఆమె వింటూ గట్టువైపు చూస్తోంది. పడవ కొట్టుకుపోతోంది.

"తెడ్డు వెయ్యి," అంది. "గొట్టం అక్కడే ఉండిపోయింది."

అతను ప్రవాహానికి ఎదురుగా తెడ్డు వేశాడు. ఆమె ఒంగి గొట్టాన్ని అందుకుంది. ఆ తరవాత బకెట్లు నిండేదాకా ఆమె మట్టి తీస్తూనే ఉంది. ఒడ్డుకి చేరాక, పందికొవ్వు రాసి ఉల్లిచక్రాలు పరిచిన రొట్టెలు సంచిలోంచి తీసింది. పెద్దది ఎప్పుడూ తను తీసుకుంటుంది. ఆ పూట పెద్దది అతని చేతిలో పెట్టి, కోపం తగ్గలేదన్నట్టు అటు తిరిగి కూర్చుని తింది.

*

కమిటీ గది గోడలనిండా యూనివర్సిటీని ఏలిన పాత రెక్టార్ల పటాలు. పొడుగాటి బల్లకి అటువైపు అయిదుగురు కూర్చున్నారు. మధ్యలో గాష్పార్ సార్. రసాయనశాస్త్రం ప్రొఫెసరు, ఈ చలికాలంలో రిటైరవుతాడు. వినికిడి యంత్రాన్ని మాటిమాటికీ సర్దుకుంటూ ఉంటాడు. బల్ల చివర మినిట్స్ రాయడానికి ఎతెల్కా గారు. ఇటువైపు విదోర్, కుర్చీ ఒకటి వదిలి బొరోకా. గోళ్ళలో మట్టి అలాగే ఉంది; కడుక్కోవడానికి టైము లేకనో, కడుక్కోవడం ఇష్టంలేకనో.

విదోర్ రాసింది గాష్పార్ సార్ పైకి చదివాడు. చదివి అద్దాలు తీశాడు.

"కవలల్ని పెంచడానికి ఎంత కాలం పట్టిందమ్మా?"

"ఇంకా పెంచుతూనే ఉన్నాను సార్," అంది బొరోకా.

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. "నా మీద జాలి పడమని నేను అడగలేదు. అభ్యంతరం కూడా నాది కాదు. నేనడిగేది ఒకటే. చదవండి. చదివి బాగాలేదంటే నేను వెళ్ళి నా మట్టి నేను కడుక్కుంటాను."

కమిటీలో ఒకాయన, చిన్న వయసువాడు, "అసలు కాన్పు అన్న మాట ఎవరు పెట్టారండి?" అన్నాడు. "పిల్లకి ఒక ఏడాది అంటే పోయేదిగా. రాసినవాళ్ళకి కవలల సంగతి తెలియదేమో."

"నేను పెట్టాను," అన్నాడు గాష్పార్ సార్.

ఆయన యంత్రం సర్దుకున్నాడు.

"కవలలు తట్టలేదు, నిజమే. అప్పుడు నా మనసులో ఉన్నది వేరు. మా డిపార్ట్‌మెంటులో ఒకమ్మాయి ఉండేది. ఇప్పటికి పాతికేళ్ళు దాటింది. మంచి చెయ్యి. తూకం వేస్తే మళ్ళీ చూడక్కర్లేదు. ఆమెకి నెలలు నిండి బిడ్డ పుట్టింది. ఆ సాయంత్రానికే పోయింది. ఏడాదిపాటు ఆ అమ్మాయి మనిషి కాలేదు. తిరిగొచ్చాక యువ లెక్చరర్ల గ్రాంటుకి పెట్టుకుంది. అప్పటి రూలేమిటంటే, పిల్లల్ని పెంచడానికి పోయిన కాలాన్ని లెక్కలోంచి తీసేస్తారు. ఆమెకి తియ్యలేదు. పిల్ల లేదు కాబట్టి పెంపకమూ లేదు అని రాసి పంపించారు. అందుకని, నేను కమిటీలోకొచ్చాక..."

"అలా రాయలేదు సార్," అంది ఎతెల్కా గారు.

అందరూ బల్ల చివరికి చూశారు. ఆమె కలం కింద పెట్టేసింది.

"'బిడ్డ జీవించి లేనందున' అని రాశారు. మిగతాదంతా మీరు చెప్పినట్టే. నాకు వచ్చిన కాయితం కాబట్టి నాకు గుర్తు." నెరిసిన జుట్టుని చెవి వెనక్కి తోసుకుంది, అది అక్కడే ఉన్నా సరే. "ఇది మినిట్స్‌లో రాయాలా, వద్దా?"

గాష్పార్ సార్ రెండు చేతులూ బల్లమీద బోర్లించి పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. "మీరు ఇక్కడే ఉన్నారని మర్చిపోయి అనలేదు, ఎతెల్కా," అన్నాడు. "పేరు చెప్పనుగా అనుకున్నాను."

"తెలుసండి."

విదోర్ తన ముందున్న కాయితం నకలు చూశాడు. 'ఆ మాట తప్పు, దాన్ని తీసెయ్యాలి.' తన అక్షరాలే. మొన్న ఆమె ఎందుకు కొట్టెయ్యమన్నదో ఇప్పుడు తెలిసింది. ఆమె పోగొట్టుకున్న దానికి ఈ యూనివర్సిటీలో మిగిలిన గుర్తు ఆ ఒక్క మాటే. దాన్ని ఆమె ఇన్నేళ్ళుగా ఆ కిటికీ వెనక కూర్చుని కాపలా కాసుకుంటోంది.

మొదట మాట్లాడింది బొరోకా.

"అయితే ఆ మాట ఉండనివ్వండి," అంది. గొంతులో కోపం లేదు. "నా కోసం దాన్ని తీసెయ్యొద్దు. నా కాయితాలు నాకు తిరిగి ఇచ్చెయ్యండి."

"కూర్చోండి," అంది ఎతెల్కా గారు. కిటికీ దగ్గరి గొంతుతోనే. బొరోకా లేవబోతున్నదల్లా కూర్చుంది. "తీసెయ్యక్కర్లేదు. పక్కన ఇంకో మాట చేరిస్తే సరిపోతుంది. 'కాన్పుకి గాని, బిడ్డకి గాని, లెక్కలో ఏది ఎక్కువైతే దానికి.' అప్పుడు ఎవరికీ తక్కువ కాదు." కలం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఇది సోమవారమే తట్టాల్సింది నాకు. ఈవిడ కిటికీ దగ్గర నవ్వుతుంటే నేను నిబంధన చదివాను. ఆ మాట మీద ఎవరు చెయ్యి వేసినా నాకు ఇంకేమీ తట్టదు. అది నా తప్పు. ఇది మాత్రం మినిట్స్‌లో రాస్తాను."

రాసింది కూడా. కలం చప్పుడు అందరికీ వినపడింది.

గాష్పార్ సార్ చెయ్యెత్తాడు. మిగతా నలుగురూ ఎత్తారు. ఆదివారంలోగా బొరోకా పథకం చదివి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తామని చెప్పి లేచారు. బయటికి వెళ్తూ ఆయన బల్ల చివర ఆగి ఎతెల్కా గారితో ఏదో అన్నాడు. ఆమె తల ఊపి, సీసాలోంచి గ్లాసులోకి సోడానీళ్ళు పోసి ఆయనకే ఇచ్చింది.

వరండాలో బొరోకా గోడకి ఆనుకుని నిలబడింది. "నీకు భయంగా లేదూ?" అనడిగింది.

"ఉంది," అన్నాడు విదోర్.

"అమ్మయ్య. నాకొక్కదానికే అనుకున్నాను."

*

సోమవారం పొద్దున ఇబోయా మేడమ్ ఇద్దర్నీ పిలిచి, నిలబెట్టే చెప్పింది. గ్రాంటు బొరోకాకి మారింది. విదోర్ పథకాన్ని రెండోదిగా పెట్టారు. బాగుందన్నారు. రెండోదానికి డబ్బు లేదు.

అనుకున్నదే. విదోర్ బొరోకాకి చెయ్యి అందించి అభినందనలు చెప్పాడు. బాగానే చెప్పాననుకున్నాడు. తరవాత నేలమాళిగలోకి వెళ్ళి, బతికున్న ఆల్చిప్పల తొట్లలో నీళ్ళు మార్చడం మొదలుపెట్టాడు. పాత నీళ్ళు గొట్టంతో లాగేసి, అడుగున పేరుకున్న పాకుడు గీకి, తాజా నీళ్ళు సన్నటి ధారగా వదిలాడు. చిప్పలు కాసేపు బిగుసుకుని, తరవాత నెమ్మదిగా విచ్చుకున్నాయి. గొప్ప పని చేశానన్న సంతోషం వస్తుందేమోనని చూశాడు. రాలేదు. ఈ తొట్లు ఎవరికి అప్పగించాలా అన్న బెంగ వచ్చింది. మరికాసేపటికి ఇంకొకటి కూడా గమనించాడు. వారం రోజులుగా పంటికింద తగులుతున్న మెరిక ఇప్పుడు లేదు.

బొరోకా మెట్ల మీదనుంచే మాట్లాడుతూ దిగింది. "నా పథకం చివరిదాకా చదివావా నువ్వు?"

"చదివాను."

"ఖర్చుల పేజీ?"

"ఖర్చులు ఎవరు చదువుతారు?"

"అందుకే నీకు బడ్జెట్ రాయడం రాదు. అందులో సహాయ పరిశోధకుడి జీతం ఉంది. సగం రోజుది, మూడేళ్ళకి." ఆఖరి మెట్టు మీద ఆగింది. "నీకోసమని రాయలేదు, గొప్పలు పోకు. అప్పటికి నీకే గ్రాంటు వస్తుందనుకున్నాను. ఎవరినో ఒక పిల్లని పెట్టుకుందామనుకున్నాను, నా మాట వినేదాన్ని."

విదోర్ తొట్టిలోకి చూస్తూ, "నాకు బంకమట్టి పడదు," అన్నాడు.

"అలవాటవుతుంది."

"మరి నా చిప్పలు?"

"మిగతా సగం రోజు కోసుకో. ఆ చిప్పలు కూడా అదే గట్టు కింద ఉన్నవేగా. రాళ్ళు పడితే వాటికేమవుతుందో నేనూ తెలుసుకోవాలి." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "సగం జీతంతో నీకు కష్టమని తెలుసు. చెరువుల వాళ్ళు ఎక్కువే ఇస్తారు. ఆలోచించుకునే చెప్పు."

"ఆలోచించాను," అన్నాడు. "ఆ చెరువుల దగ్గర ఒకటే వాసన."

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళు తడిశాయి, తడి చెయ్యి కావడంతో తుడుచుకోవడానికి భుజమే మిగిలింది. పోయిన సోమవారం గ్రాంటు వచ్చిందని విన్నప్పుడు ఏం చెయ్యాలో తెలియక కళ్ళద్దాలు తీసి పెట్టుకున్న మనిషికి, ఈ సగం జీతానికి ఎలా కృతజ్ఞత చెప్పాలో అంతకన్నా తెలియలేదు. బొరోకా ఇంకో గొట్టం అందుకుని రెండో తొట్టి దగ్గర ఒంగింది.

సంతకాలకి మధ్యాహ్నం కింది అంతస్తుకి వెళ్ళారు. కిటికీ ముందు వరస ఉంది. తమ వంతు వచ్చేదాకా నిలబడ్డారు. ఎతెల్కా గారు కాయితాలు సర్ది, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో గుర్తుపెట్టి ముందుకు తోసింది. గురువారం నాటి సంగతి ఏదీ జరగనట్టే ఉంది. బొరోకా ఒక్కో పేజీ తిప్పి సంతకాలు పెట్టింది. ఆఖరి పేజీ తిప్పి కలం తిరిగిచ్చేస్తూ, దాన్ని వదలకుండా పట్టుకుంది.

"బాబా, పాపా?" అంది మెల్లగా.

ఎతెల్కా గారు తలెత్తింది.

"పాప."

"పేరు పెట్టారా?"

కలం రెండు చేతుల మధ్యా ఉంది. వెనకాల ఎవరో దగ్గారు.

"పెట్టాం," అంది ఎతెల్కా గారు. "విల్మా."

"విల్మా," అంది బొరోకా.

ఆ పేరు ఇంకొకరి నోటినుంచి రావడం విని ఆ పెద్దావిడ కళ్ళు ఒక్కసారి మూసి తెరిచింది. "పుట్టిందా, పోయిందా అని అడిగినవాళ్ళే అందరూ. పేరు అడిగినవాళ్ళు లేరు," అంది. "చాలా సంతోషం అమ్మా." కలం తీసుకుంది. కాయితాల అంచులు బల్లమీద తట్టి సమం చేసింది. తరవాతి వాళ్ళని పిలవబోయి ఆగింది.

"మీ పిల్లల పేర్లేమిటి?"

"మిక్షా, దోర్కా."

"మిక్షా," అంది ఎతెల్కా గారు. ఊపిరి తీసుకుని, "దోర్కా," అంది. రెండు పేర్లనీ విడివిడిగా, దేని చోటు దానికిస్తూ.